చిన్న ముక్కే కదా, ఏటవుద్ది?

మా అప్ప, అంటే మా అక్క, కొడుక్కి పాలు పడవు. ఈ మాట ఈ ఆరేళ్ళలో ఎన్ని పెళ్ళిళ్ళలో, ఎన్ని పేరంటాల్లో, ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ మా శ్రీకాకుళం వైపు వచ్చే జవాబు మాత్రం ఒక్కటే. "చిన్న ముక్కే కదా, ఏటవుద్ది?"

ఏటవుద్దో చెప్తాను. మూడేళ్ళ కిందట ఆమదాలవలసలో మా చుట్టాల గృహప్రవేశం. అదే రోజు వాళ్ళ పాప పుట్టినరోజు కూడా కలిసొచ్చిందని సాయంత్రానికి కేక్ తెప్పించారు. మా చిన్నోడికి అప్పుడు నాలుగేళ్ళు. మా అప్ప లోపల బొట్టూ తాంబూలాల దగ్గర ఇరుక్కుపోయింది, నేను మంచినీళ్ళు అందిస్తున్నాను, ఈలోపు ఒక పెద్దావిడ, నిజంగా మంచి మనిషే, పిల్లలందరూ తింటుంటే వీడొక్కడూ గోడకి ఆనుకుని చూస్తున్నాడని జాలిపడి పైన క్రీమ్ తీసేసి మరీ లోపలి ముక్క చిటికెడంత నోట్లో పెట్టింది. పది నిమిషాలు కూడా అవ్వలేదు, పెదాలు ఉబ్బిపోయాయి, మెడ మీద దద్దుర్లు లేచాయి, ఆగని దగ్గు. ఆటోలో వాడ్ని ఒళ్ళో పెట్టుకుని వెళ్తుంటే మా అప్ప ఒక్క మాట కూడా మాట్లాడలేదు, వాడి ఊపిరి వింటూ కూర్చుంది. హాస్పటల్లో ఇంజెక్షన్ చేశారు, రాత్రంతా ఉంచుకున్నారు, పొద్దున్నకి మామూలైపోయాడు. ఆ పెద్దావిడ ఏడుస్తూ వచ్చి "నాకు తెల్దమ్మా, పాలు పడవంటే ఇరోచనాలేమో అనుకున్నాను" అంది.

ఆవిడ్ని ఏమనగలం? తప్పు కొంత ఆ మాటదే. మన తెలుగులో ఈ "పడదు" అనే మాట ఉంది చూశారూ, దీనంత లూజు మాట ఇంకోటి లేదు. మా మావయ్యకి వంకాయ పడదు, అంటే దురద. మా ఆయనకి చల్లగాలి పడదు, అంటే బద్ధకం. అత్తాకోడళ్ళకి పడదు, అదింకో కథ. కడుపుబ్బరం నుంచి ప్రాణాపాయం దాకా అన్నిటికీ ఒకటే మాట పెట్టుకుని కూర్చున్నాం కాబట్టి ఎవరైనా "పాలు పడవు" అనగానే ఎదుటివాళ్ళకి తమకి తెలిసిన రకం గుర్తొస్తుంది, గ్యాసో, విరోచనాలో. నిజానికి పాలు అరక్కపోవడం, పాల అలర్జీ, ఇవి రెండూ వేరు వేరు జబ్బులు, ఇంకా మాట్లాడితే ఒకటి జబ్బే కాదు.

పాలల్లో లాక్టోజ్ అని ఒక చక్కెర ఉంటుంది, దాన్ని అరిగించడానికి చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ కావాలి, తల్లిపాలు తాగే వయసులో దాదాపు అందరికీ బాగానే ఉంటుంది, పెద్దయ్యేకొద్దీ ప్రపంచంలో ఎక్కువమందికి అది తగ్గిపోతుంది, ఉత్తరాది వాళ్ళకంటే మన దక్షిణాది వాళ్ళలో ఇలా తగ్గేవాళ్ళు ఎక్కువ. వీళ్ళు గ్లాసుడు పాలు తాగితే కడుపు ఉబ్బుతుంది, గుడగుడలాడుతుంది, పరిగెత్తాల్సి వస్తుంది, కానీ పెరుగన్నం బానే పడుతుంది, ఎందుకంటే తోడుకునేటప్పుడు ఆ సూక్ష్మజీవులు లాక్టోజ్‌ని కొంత తినేస్తాయి. (మా ఆయన ఈ బాపతే. ఇరవయ్యేళ్ళుగా పొద్దున్నే పాల కాఫీ తాగి "ఈ శనగపిండి నాకు పడదే" అంటున్నాడు.) మా చిన్నోడిది అది కాదు. వాడి ఒళ్ళు పాలల్లో ఉండే ప్రోటీన్‌ని, కేసీన్, వే అంటారు, వాటిని శత్రువనుకుని యుద్ధానికి దిగుతుంది. అది అలర్జీ. అక్కడ చిన్న ముక్కా పెద్ద ముక్కా అనే లెక్క పనిచెయ్యదు. పెరుగులోనూ ఆ ప్రోటీన్ ఉంటుంది. నెయ్యి కాచినా అడుగూ బొడుగూ మిగులుతుంది. "ఆవుపాలు పడకపోతే మేకపాలు పొయ్యండి, గాంధీగారు తాగలేదా" అని కనీసం నలుగురు సలహా ఇచ్చారు, మేకపాలైనా గేదెపాలైనా ఆ ప్రోటీన్లు దాదాపు ఒకే పోలిక, ఒకటి పడనివాడికి రెండోదీ చాలావరకు పడదు. చాలామంది పిల్లలకి పెరిగేకొద్దీ ఇది తగ్గుతుందని డాక్టరుగారు చెప్పారు, అయితే తగ్గిందో లేదో చూడటం వాళ్ళ ఎదురుగా జరగాలి కానీ గృహప్రవేశంలో కాదు.

ఆ తర్వాత నుంచి మా అప్ప ఒక డబ్బా మొదలెట్టింది. ఎక్కడికెళ్ళినా స్టీలు డబ్బాలో వాడికి విడిగా ఏదో ఒకటి, చేగోడీలో, వేరుశనగ ఉండో, అరటిపండో. కేక్ కోసేటప్పుడు అందరూ చప్పట్లు కొడతారు, వీడూ కొడతాడు, తర్వాత అందరికీ పేపర్ ప్లేట్లు వెళ్తాయి, వీడు డబ్బా మూత తీసుకుంటాడు. ఏడవడు. అదే నాకు కడుపులో తిప్పేసేది. నాలుగేళ్ళ పిల్లాడు ఏడవకుండా సర్దుకుపోవడం నేర్చేసుకున్నాడంటే వాడు బుద్ధిమంతుడని మనం మెచ్చుకుంటాం చూడండి, "ఎంత బుద్ధిమంతుడే మీవోడు" అని, నాకు మాత్రం ఆ మాట వినబుద్ధయ్యేది కాదు.

అందుకే బేకరీల మీద పడ్డాను. ఊళ్ళో ఐదారు చోట్ల అడిగాను, పాలు, వెన్న, పాలపొడి ఏవీ లేకుండా కేక్ చేస్తారా అని. అందరూ నవ్వుమొహంతోనే "ఉంది మేడమ్, ఎగ్‌లెస్ ఉంది, ప్యూర్ వెజ్" అన్నారు. ఇదీ మన దేశపు తమాషా. మనకి కేక్ అంటే అనుమానం గుడ్డు మీదే, పాల మీద అనుమానం ఎవరికీ రాదు. పైగా ఎగ్‌లెస్ కేక్ మెత్తగా రావడానికి గుడ్డు బదులు ఏం వేస్తారు? మామూలుగా అయితే కండెన్స్‌డ్ మిల్క్, లేదా పెరుగు, లేదా పాలపొడి. అంటే మా చిన్నోడికి గుడ్డు కేక్ కంటే ఎగ్‌లెస్ కేకే ఎక్కువ ప్రమాదం, ఈ సంగతి కౌంటర్లో ఉన్న కుర్రాడికి అర్థమయ్యేలా చెప్పేసరికి నాకు తాతలు దిగొచ్చారు. ఇంకోచోట "క్రీమ్ నాన్ డైరీదే మేడమ్" అన్నారు, డబ్బా చూపించమంటే మంచి మనసుతో చూపించారు, చిన్న అక్షరాల్లో సోడియం కేసినేట్ అని ఉంది. కేసినేట్ అంటే పాల ప్రోటీనే. నాన్ డైరీ అని పేరు, లోపల పాల ప్రోటీన్! చీరె పట్టు అని చెప్పి అంచు మాత్రమే పట్టు ఇచ్చినట్టు. పాకెట్ మీద ఆకుపచ్చ చుక్క ఉంటే సరిపోతుంది అనుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ చుక్క మాంసం, గుడ్డు లేవని చెప్తుంది, పాలు లేవని కాదు. పాలతో సహా జంతువుల నుంచి వచ్చేవి ఏవీ లేవని చెప్పేది 2022లో వచ్చిన వీగన్ గుర్తు, అది మా వీధి కిరాణాలో నాకెప్పుడూ కనబడలేదు. చెయ్యాల్సింది ఏంటంటే వెనక్కి తిప్పి పదార్థాల లిస్టు కింద అలర్జీ లైను చదవడం, 2020 లేబులింగ్ రూల్స్ ప్రకారం పాలుంటే అక్కడ చెప్పి తీరాలి. నాకిప్పుడు బిస్కెట్ పాకెట్ చూస్తే ముందు వీపు కనిపిస్తుంది, మొహం తర్వాత.

సరే, ఇంట్లోనే చేద్దాం అనుకున్నా. ఇక్కడ నేను చేసిన మొదటి తప్పు అందరూ చేసేదే. పాలు తీసేస్తున్నాం కాబట్టి పాలలాంటిది ఇంకోటి పెట్టాలి అనుకోవడం. బాదంపాలు తెప్పించాను, వెన్న బదులు ఏదో ఖరీదైన డబ్బా ఆన్‌లైన్లో తెప్పించాను, మొత్తం కేక్ ఖర్చు బేకరీ కేక్ కంటే ఎక్కువైంది, రుచి మాత్రం పెళ్ళికి రాలేక బహుమతి పంపినట్టు ఉంది. రెండోసారి పొంగాలని సోడా ఎక్కువేశాను, పులుపు ఏమీ వెయ్యలేదు, సబ్బు తిన్నట్టుంది. మూడోసారి ఆరోగ్యం గుర్తొచ్చి మొత్తం చోడిపిండితో, అంటే రాగిపిండితో చేశాను. అది తలుపు కింద పెడితే తలుపు కదలకుండా ఆగేది, అంత గట్టిది.

అప్పుడు కూర్చుని అసలు కేక్‌లో పాలు, వెన్న ఏం పని చేస్తాయో చదువుకున్నాను. వెన్నా పంచదారా కలిపి గిలక్కొడితే అందులో గాలి చిక్కుకుంటుంది, అది పొంగడానికి సాయం. పాలు తడినిస్తాయి, అందులో చక్కెరా ప్రోటీనూ వేడికి పైన ఎర్రగా రంగు తెస్తాయి. మజ్జిగ పోస్తే పులుపు, ఆ పులుపు సోడాతో కలిసి గ్యాస్ పుట్టిస్తుంది. ఇంతే కదా! గాలి కావాలంటే సోడా, పులుపు ఇస్తాయి. తడి నీళ్ళు ఇస్తాయి. కొవ్వు నూనె ఇస్తుంది. రంగు కోకో ఇస్తుంది. ఇందులో గేదె చెయ్యాల్సిన పని ఏముంది?

ఇది నేను కనిపెట్టింది కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో, ఆ తర్వాత 1929లో మొదలైన ఆర్థిక మాంద్యంలో, మళ్ళీ రెండో యుద్ధంలో రేషన్ వచ్చినప్పుడు అమెరికాలో ఆడవాళ్ళు పాలు, వెన్న, గుడ్లు ఏవీ లేకుండా కేకులు చేసుకునేవారు, వార్ కేక్ అనీ, డిప్రెషన్ కేక్ అనీ, వాకీ కేక్ అనీ పేర్లు. ఆ వాకీ కేక్‌లో పొడిపిండిలో మూడు గుంటలు చేసి ఒకదాంట్లో నూనె, ఒకదాంట్లో వెనిగర్, ఒకదాంట్లో వెనిలా పోసి పైన నీళ్ళు పోసి కలిపేస్తారు. ఆ కేకుని వంద ఏళ్ళ దాకా ఎవరూ పారెయ్యలేదంటే అది బీదరికం వల్ల మాత్రమే బతకలేదు, బావుంది కాబట్టి బతికింది. నూనె కేక్ తక్కువరకం అనేది కూడా అపోహే. షిఫాన్ కేక్ అని దూదిలా ఉంటుంది చూడండి, అది నూనెతోనే, హ్యారీ బేకర్ అనే ఆయన 1927లో తయారుచేసి ఇరవై ఏళ్ళు ఎవరికీ చెప్పకుండా దాచుకుని తర్వాత 1947లో ఒక కంపెనీకి అమ్ముకున్నాడు. (దాంట్లో గుడ్లుంటాయి. గుడ్డు పాల పదార్థం కాదు, గుడ్డుతో ఇబ్బంది లేనివాళ్ళు వేసుకోవచ్చు. ఈ మాట చెప్తే మా పక్కింటావిడ నమ్మడం లేదు, రెండూ ఒకే షాపులో అమ్ముతారు కదా అంటుంది.)

నేను ఇప్పుడు చేసేది ఇదీ. కప్పున్నర మైదా, కప్పు పంచదార, పావు కప్పు కోకో, చెంచాడు వంటసోడా, అర చెంచా ఉప్పు, అన్నీ కలిపి జల్లించాలి. కప్పు అంటే కొలత కప్పు, 240 మి.లీ.ది, మన టీ కప్పు కాదు. చెంచా కూడా కొలత చెంచానే, 5 మి.లీ. కోకో తియ్యగా లేనిది కావాలి, పాలల్లో కలుపుకునే చాక్లెట్ పొడి కాదు, వాటిల్లో కొన్నిటిలో పాలపొడి కూడా ఉంటుంది. ఇంకో గిన్నెలో కప్పు నీళ్ళు, పావు కప్పు మీద ఇంకాస్త నూనె, పెద్ద చెంచాడు వెనిగర్, చెంచాడు వెనిలా ఎసెన్స్. వెనిగర్ లేకపోతే నిమ్మరసం. తడిదంతా పొడిదాంట్లో పోసి, పొడిపిండి కనపడకుండా పోయేదాకా మాత్రమే కలపాలి, ఉండలు చిన్నవి ఉన్నా పర్లేదు. ఇక్కడ చాలామంది ఆగరు. దోసెపిండి గిలక్కొట్టినట్టు కొడతారు, మైదాలో గ్లూటెన్ అనే జిగురు సాగి కేక్ రబ్బరవుతుంది. ఇంకో సంగతి, కలిపాక ఫోన్ మాట్లాడకూడదు. సోడా, వెనిగర్ కలిసిన క్షణం నుంచీ గ్యాస్ వస్తూనే ఉంటుంది, పిండి గిన్నెలో కూర్చుంటే ఆ గ్యాసంతా మన వంటింట్లోకి పోతుంది, కేక్‌లోకి కాదు. అందుకని గిన్నెకి నూనె రాసి, పిండి చల్లి, పొయ్యి ముందే వేడెక్కించి ఉంచుకుని అప్పుడు కలపాలి.

ఓటీజీ, అదే కరెంటు ఓవెన్, ఉంటే 180 డిగ్రీల్లో ముప్పై, ముప్పయ్యైదు నిమిషాలు. నాకు ఓటీజీ ఉంది కానీ మా వీధిలో కరెంటుని నమ్మి కేక్ పెట్టడం అంటే వర్షాన్ని నమ్మి వడియాలు పెట్టడమే. నేను పాత మందపాటి డేగిసాలో నాగావళి ఇసుక రెండంగుళాలు పోసి, మీద స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు వేడిచేసి, గిన్నె దాంట్లో దించి సన్నసెగ మీద నలభై నుంచి యాభై నిమిషాలు ఉంచుతాను. మొదటి అరగంట మూత తియ్యకండి, నేను ఒకసారి తీశాను, నడుం విరిగిన మంచంలా మధ్యలో దిగిపోయింది. ఈనెపుల్ల గుచ్చితే తడిపిండి అంటకుండా రావాలి. చల్లారాక కొయ్యాలి, పిల్లలు ఊరుకోరు, అయినా ఆగాలి. గిన్నె, గరిటె, జల్లెడ, ఇవి పాలు తగలనివి అయ్యుండాలి, లేదా సబ్బుతో బాగా తోమినవి. ఇల్లంతా జాగ్రత్తపడి పెరుగు గరిటెతో కలిపితే ఇంక ఏం లాభం.

మొత్తం ఖర్చు వంద రూపాయలు దాటదు. అందులో ఎక్కువ కోకోదే. మర్నాటికి ఇంకా బావుంటుంది, వెన్న కేక్ ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడుతుంది, నూనె గట్టిపడదు కాబట్టి ఇది మెత్తగానే ఉంటుంది. వేరుశనగ నూనె వాసన వస్తుంది, సన్‌ఫ్లవరో తవుడు నూనో మేలు.

ఇంక మా అత్తయ్య దగ్గరికి వద్దాం, ఎందుకంటే అసలు పాఠం ఆవిడ చెప్పింది. మా అత్తవారిది ఉద్దానం, కవిటి వైపు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా కొబ్బరితోట ఉన్నది ఉన్నట్టే పడిపోయింది, ఆ మర్నాడు మా మావగారు తోటలో నిలబడి చెట్లు లెక్కపెట్టడం మొదలెట్టి మధ్యలో మానేశారు. తర్వాత వేసిన మొక్కలు ఇప్పుడిప్పుడే కాపుకొస్తున్నాయి, అందుకని ఆ తోట కాయలొస్తే మా ఇంట్లో అదొక పండగ. ఆ కాయలతో కొబ్బరిపాలు తీసి నీళ్ళ బదులు పోసి, బెల్లంతో ఒక కేక్ చేశాను. బెల్లం పాలల్లో వేస్తే పాలు విరిగిపోతాయని మనకి పరమాన్నం దగ్గర భయం కదా, ఇక్కడ విరగడానికి పాలే లేవు, దర్జాగా వేసుకోవచ్చు. అత్తయ్య కుర్చీలో కూర్చుని అంతా చూసింది.

"ఏటే, పాలు నేని కేకన్నావు, పాలు పోస్తన్నావు?"

"కొబ్బరిపాలు అత్తయ్యా."

"పాలు నేకుండా సెయ్యడం పేద్ద ఇద్దెలాగ సెప్తన్నావు గానీ, తాటిరొట్టిలో పాలెక్కడియే? మీ అమ్మ సెయ్యనేదేటి?"

నిజంగా నాకు నోట మాట రాలేదు. తాటిపండు గుజ్జు తీసి, వరినూక, బెల్లం, కొబ్బరికోరు కలిపి రాత్రంతా నానబెట్టి, నూనె రాసిన మందపాటి గిన్నెలో పోసి, కింద సన్నసెగ, పైన మూత మీద నిప్పులు. కింద వేడి, పైన వేడి, మధ్యలో మెల్లగా పొంగి అంచులు ఎర్రబడి దిగే తీపి రొట్టె. దాన్ని కేక్ అనక ఏమంటారు? ఆ మూత మీద నిప్పుల్ని ఓవెన్ అనక ఏమంటారు? పాకుండల్లో పాలు లేవు. కొబ్బరి బూరెలో లేవు. నువ్వుల నూనెలో వేసిన అరిసెలో లేవు. మన పిండివంటల్లో బోలెడు పాల చుక్క తగలనివే, కానీ మనం వాటికి "లేని" అనే తోక ఎప్పుడూ తగిలించలేదు. కేక్ అనేసరికి మాత్రం పాలు లేకపోతే ఏదో చెయ్యి విరిగినట్టు, పథ్యం తిండి అన్నట్టు చూస్తాం.

నా గొడవ అంతా ఇక్కడే. పాలు లేని కేక్‌ని "వాడి కోసం విడిగా" చెయ్యకండి. అందరికీ ఒకటే కేక్ చెయ్యండి, అది పాలు లేనిదే చెయ్యండి. రెండు కేకులు పెట్టిన రోజున, ఒక కత్తితోనే రెండూ కోస్తారు, ఎవరో ఒకరు చేత్తో సర్దుతారు, ఎవరో ఒకరు జాలిపడతారు. ఒకటే కేక్ అయితే జాలిపడే అవసరం ఉండదు, కాపలా కాసే అవసరం ఉండదు, మా అప్ప కూడా ఒకరోజు నిమ్మళంగా కూర్చుంటుంది.

"ఒక్కడి కోసం ఇంతమంది సర్దుకోవాలా" అని మా తోటికోడలే అడిగింది. కోపం రాలేదు, ఎందుకంటే జవాబు వాళ్ళింట్లోనే ఉంది. మా బావగారు ఏటా అయ్యప్ప మాల వేస్తారు. వేసేది ఆయనొక్కరే. ఆ నలభై ఒక్క రోజులూ ఇంటిల్లిపాదీ నీచు ముట్టరు, గిన్నెలు విడిగా, ఉల్లి వెల్లుల్లి బంద్, పిల్లల చేత కూడా "స్వామీ" అనిపిస్తారు, పక్కింటివాళ్ళు చేపలు వేయిస్తే కిటికీ వేస్తారు. ఒక్కరి దీక్షకి ఇల్లంతా దీక్ష పట్టడం మనకి చేతకాని పని కాదు, ఇష్టంగా చేస్తాం, గొప్పగా చెప్పుకుంటాం. పైగా అది ఆయన ఎంచుకున్నది. వీడు ఎంచుకోలేదు. సంవత్సరంలో ఒక సాయంత్రం, ఒక కేక్, అదీ ఎవరికీ తేడా తెలియనిది. దీనికి సర్దుకోవడం అనే పెద్ద మాట ఎందుకు?

తేడా తెలియనిది అన్నాను కదా, అక్కడ నిజాయితీగా ఉండాలి. వెన్న కేక్‌కి ఉండే ఒక వాసన, ఆ నోట్లో కరిగే గుణం దీనికి రాదు. వెనిలా కేక్ చేస్తే ఆ లోటు తెలుస్తుంది, అందుకే నేను కోకోతోనే చేస్తాను, కోకో ఆ లోటు కప్పేస్తుంది. పైన క్రీమ్ కొండలు, గులాబీలు కూడా ఉండవు, కొబ్బరిపాలూ కోకో బెల్లం కలిపి కాచిన చిక్కటి పాకం పోస్తాను, అది ఫోటోలకి అంత అందంగా రాదు. పలాస జీడిపప్పు ముక్కలు నానబెట్టి రుబ్బితే మంచి క్రీమే అవుతుంది, కానీ జీడిపప్పు పడని పిల్లాడు ఇంకొకడు ఉండొచ్చు, ఒక పిల్లాడ్ని డబ్బా నుంచి తప్పించి ఇంకొకడి చేతికి డబ్బా ఇవ్వడం నాకిష్టం లేదు, అందుకే పదిమందికి చేసేటప్పుడు బాదం జీడిపప్పు జోలికి పోను. నీళ్ళు. నీళ్ళు ఎవరికైనా పడతాయి.

ఇంకోటి, దీన్ని ఆరోగ్యం పేరుతో అమ్మకండి దయచేసి. పాలు లేవు కాబట్టి మంచిది అని మొన్న ఒకావిడ షుగరున్న వాళ్ళాయనకి రెండు ముక్కలు పెట్టింది. కప్పు పంచదార ఉంది తల్లీ అందులో! నేనేమీ పాలకి వ్యతిరేకిని కాదు, పొద్దున్న కాఫీ లేకపోతే నాకు తెల్లారదు, ఆవకాయన్నంలో నెయ్యి లేకపోతే మింగుడుపడదు. కేకులో మాత్రం పాలకి అంత సీన్ లేదు, అంతే.

ఈ సంవత్సరం చిన్నోడి ఏడో పుట్టినరోజు మా ఇంట్లోనే చేశాం. పెద్ద ట్రే, రెట్టింపు కొలత. పిల్లలు పద్నాలుగు మంది, పెద్దవాళ్ళు ఇంకో పదిమంది. ఎవరికీ ఏమీ చెప్పలేదు, బోర్డు పెట్టలేదు, కేక్ అన్నాం అంతే. అప్ప ఎందుకైనా మంచిదని డబ్బా తెచ్చింది, అలవాటు కదా, తీసి టీవీ పక్కన పెట్టింది. వాడు కోశాడు, మొదటి ముక్క వాళ్ళమ్మ నోట్లో పెట్టాడు, రెండో ముక్క వాడి నోట్లో వాడే పెట్టుకున్నాడు, అందరి ముందూ. మా అప్ప కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. నేనూ వెళ్దామనుకున్నాను కానీ ఈలోపు హాల్లో గొడవ మొదలైంది.

ట్రే ఖాళీ. పిల్లలు రెండోసారి, మూడోసారి లాగించేశారు, మా ఆయన గోడ పక్కన నిలబడి మూతి తుడుచుకుంటున్నాడు. మా చిన్నోడు ట్రే ముందు నిలబడి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఇన్నాళ్ళూ వాడి డబ్బాలో చెయ్యి పెట్టినవాడు లేడు, వాడిది వాడికే, ఎంత మెల్లగా తిన్నా అయిపోయేది కాదు. ఇప్పుడు రెండో ముక్క అడిగేసరికి లేదు.

"అది నాది! అందరూ తినేశారు!"

అత్తయ్య కుర్చీలోంచి లేవకుండానే పళ్ళెం కింద దాచిన ముక్క బయటికి తీసింది. "ఏడవకు నాయనా, నానుంచినాను. ఒలే, బేగి రండి ఇటు, ఆడి పాలు ఆడికి ఉంచండర్రా."

పాలు అనగానే వాడు ఏడుపు ఆపి గట్టిగా అన్నాడు, "నాకు పాలు పడవు మామ్మా!"